నలుగురు వారసులు, ఒక సీసా రెడ్ వైన్: బర్గండీ కుటుంబ తోటలు ఎందుకు చేతులు మారుతున్నాయి?

సంక్షిప్తంగా: ఫ్రాన్స్‌లోని బర్గండీలో రెడ్ వైన్ ధర కొండెక్కిన కొద్దీ, దాన్ని తయారుచేసే కుటుంబాలకు తోట నిలబెట్టుకోవడం కష్టమవుతోంది. పిల్లలందరికీ వాటా ఇవ్వాలన్న 200 ఏళ్ల నాటి చట్టం తోటలను ముక్కలు చేసింది. ముక్కలైన తోట తక్కువ వైన్ ఇచ్చింది, కొరత ధరను పెంచింది, ధర భూమి విలువను పెంచింది. ఆ విలువ మీద లెక్కగట్టే వారసత్వ పన్ను, తోబుట్టువుల వాటా ఇప్పుడు తరువాతి తరం మీద పడుతున్నాయి. ఫ్రాన్స్‌లోని మరో పేరున్న వైన్ ప్రాంతం బోర్డోలో భూమిని కంపెనీ వాటాలుగా మార్చుకున్నారు, అక్కడ కథ వేరుగా నడిచింది. అయితే అక్కడి చిన్న కుటుంబాల పరిస్థితి కూడా మెరుగ్గా లేదు.

2017లో బర్గండీలోని మొరే-సాఁ-దెనీ గ్రామంలో క్లో ద తార్ అనే ద్రాక్షతోట అమ్ముడైంది. విస్తీర్ణం దాదాపు 7.5 హెక్టార్లు, అంటే 18 ఎకరాల పైచిలుకు. 1141 నుంచి ఫ్రెంచి విప్లవం దాకా ఒక సన్యాసినుల మఠం, 1791 నుంచి ఒక కుటుంబం, 1932 నుంచి మొమ్మెసాఁ కుటుంబం దీన్ని సాగు చేశాయి. దాదాపు తొమ్మిది వందల ఏళ్లలో ముగ్గురే యజమానులు. నాలుగో యజమానిగా వచ్చింది ఫ్యాషన్ బ్రాండ్ల అధిపతి ఫ్రాన్సువా పినోకు చెందిన ఆర్తెమిస్ సంస్థ.

అంతకు మూడేళ్ల ముందు పక్కనే ఉన్న క్లో దే లాంబ్రే తోటను విలాస వస్తువుల దిగ్గజం ఎల్‌వీఎంహెచ్ కొన్నది. అదే 2017లో, తెల్ల వైన్‌కు పేరుపడ్డ బొనో ద్యు మార్త్రే ఎస్టేట్‌లో మెజారిటీ వాటా అమెరికన్ కోటీశ్వరుడు, ఆర్సెనల్ ఫుట్‌బాల్ క్లబ్ యజమాని స్టాన్ క్రోంకీ చేతికి వెళ్లింది. వీటిలో ఏదీ దివాలా తీసిన తోట కాదు. బర్గండీ వైన్‌కు ప్రపంచమంతటా గిరాకీ పెరుగుతూ, ధరలు ఎన్నడూ లేనంత ఎత్తుకు చేరుతున్న రోజుల్లోనే ఈ అమ్మకాలు జరిగాయి. పంట బాగా పలుకుతున్నప్పుడు రైతు భూమి అమ్ముకోవడం వింతగానే ఉంటుంది. దానికి జవాబు ద్రాక్షలో కన్నా పంపకాల చట్టంలో ఎక్కువగా దొరుకుతుంది.

## గట్లు ఎవరు వేశారు?

బర్గండీ రెడ్ వైన్‌కు గుండెకాయ కోత్ దోర్ అనే సన్నని కొండవాలు. దిజోన్ నగరం నుంచి దక్షిణానికి దాదాపు 50 కిలోమీటర్లు సాగుతుంది. ఇక్కడ ఎర్ర ద్రాక్ష అంటే దాదాపుగా ఒకే రకం, పినో నువార్. తొక్క పలచన, చలికీ తెగులుకూ త్వరగా లొంగిపోతుంది. అయితే నేలలో వచ్చే చిన్న తేడాను కూడా రుచిలో చూపిస్తుందని పేరు. ఆ తేడాలను బట్టి శతాబ్దాలుగా పేరుపెట్టి, హద్దులు గీసి ఉంచిన చెక్కలను అక్కడ క్లిమా అంటారు. 2015లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరిన బర్గండీ క్లిమాలు 1,247.

ఈ తోటలు ముక్కలైంది ఫ్రెంచి విప్లవంతోనని చాలా చోట్ల రాస్తుంటారు. అది సగం నిజం. విప్లవ ప్రభుత్వం చర్చి ఆస్తులను జప్తు చేసి వేలం వేసిన మాట వాస్తవం. కానీ కొన్నవారు చాలాసార్లు తోటను మొత్తంగానే కొన్నారు. దీనికి క్లో ద వూజో మంచి ఉదాహరణ. సిస్టర్షియన్ సన్యాసులు గోడ కట్టి పెంచిన ఈ 50 హెక్టార్ల తోట 1791లో వేలానికి వచ్చింది. ఆ తర్వాత దాదాపు వందేళ్లు చెక్కు చెదరకుండా ఒకే యాజమాన్యంలో సాగింది. 1889లో ఆరుగురు వైన్ వ్యాపారులు కొని పంచుకున్నాక అసలు విభజన మొదలైంది. ఇప్పుడు అదే గోడ లోపల సుమారు 80 మంది యజమానులు ఉన్నారు. సగటున ఒక్కొక్కరికి ఎకరంన్నర.

ఆరుగురు ఎనభై మంది కావడానికి అమ్మకాలు కొంత కారణం, వారసత్వం మరికొంత. 1804 నాటి నెపోలియన్ పౌర స్మృతి పెద్దకొడుకు పెత్తనానికి ముగింపు పలికింది. కొడుకులూ కూతుళ్లూ అందరూ సమానమే. తల్లిదండ్రులు తమ ఇష్టప్రకారం వీలునామా రాసే స్వేచ్ఛకు కూడా హద్దు ఉంది. ఒక్క సంతానం ఉంటే ఆస్తిలో సగం, ఇద్దరుంటే మూడింట రెండు వంతులు, ముగ్గురు లేదా అంతకన్నా ఎక్కువమంది ఉంటే ముప్పావు భాగం తప్పనిసరిగా పిల్లలకే చెందాలి. మిగిలిన భాగాన్నే తల్లిదండ్రులు కోరినవారికి ఇవ్వగలరు. కౌలుదారుగా దశాబ్దాలు చాకిరీ చేసిన కొడుకైనా, పారిస్‌లో ఉద్యోగం చేసుకునే కూతురైనా చట్టం దృష్టిలో ఒకటే. న్యాయం రీత్యా తప్పు పట్టలేని నియమం ఇది. దాని పర్యవసానాన్ని మాత్రం భూమి పటంలో చూడవచ్చు.

బర్గండీ రైతులు ఇప్పటికీ తోటను ఊవ్రే అనే పాత కొలతతో చెప్పుకుంటారు. ఒక మనిషి ఒక రోజులో పని చేయగలిగినంత నేల అది. 428 చదరపు మీటర్లు, అంటే మన లెక్కలో పదిన్నర సెంట్లు, నాలుగు గుంటల పైన కొంచెం. ప్రపంచంలోకెల్లా ఖరీదైన సాగుభూముల్లో ఒకటి ఇంత చిన్న కొలతల్లో చేతులు మారుతుంటుంది.

## గ్రో కుటుంబం: ఒక ఇంటిపేరు, నాలుగు లేబుళ్లు

ఈ పంపకాల తీరు అర్థం కావాలంటే వోన్-రొమానే గ్రామంలోని గ్రో కుటుంబం ఒక్కటి చాలు. దుకాణంలో వారి సీసాలు చూసి తికమకపడే కొనుగోలుదారులు తక్కువేమీ కాదు. మిషెల్ గ్రో, ఆన్ గ్రో, ఆ.ఎఫ్. గ్రో, గ్రో ఫ్రేర్ ఏ సర్. నాలుగూ ఒకే ఊరి మూలం, ఒకే వంశం. నాలుగూ వేర్వేరు సంస్థలు.

మూలపురుషుడు అల్ఫోన్స్ గ్రో 1830లో ఈ ఊళ్లో స్థిరపడ్డాడు. 1860లో క్లో దే రెయా అనే రెండు హెక్టార్ల పైచిలుకు తోటను కొన్నాడు. మూడు తరాల తర్వాత లూయీ గ్రో నలుగురు పిల్లలు ఉమ్మడిగా సాగు చేస్తూ వచ్చి, 1963లో వేరుపడ్డారు. జాన్ ఒక ఎస్టేట్, ఫ్రాన్సువా ఒక ఎస్టేట్ పెట్టుకున్నారు. పిల్లలు లేని గుస్తావ్, కొలెట్ తమ వాటాలు కలిపి ఉంచుకున్నారు. ఆ అన్నాచెల్లెళ్ల సంస్థే గ్రో ఫ్రేర్ ఏ సర్. దాన్ని తర్వాత జాన్ కొడుకు బెర్నార్ నడిపాడు. ఫ్రాన్సువా వాటా 1988లో ఆయన కూతురు ఆన్ చేతికి వచ్చింది. జాన్ వాటా 1990ల మధ్యలో మళ్లీ ఆయన ముగ్గురు పిల్లల మధ్య పంపకమైంది. ఆయన కూతురు ఆన్-ఫ్రాన్సువాజ్ పొమార్ గ్రామానికి చెందిన మరో వైన్ కుటుంబంలోకి కోడలిగా వెళ్లింది. ఆ.ఎఫ్. గ్రో లేబుల్ ఆమెది.

ఈ చివరి పంపకంలో ఒక నిర్ణయం ప్రత్యేకంగా చూడదగ్గది. జాన్ దగ్గర రెండు విలువైన ఆస్తులున్నాయి. మొదటిది రిష్‌బూర్ అనే అత్యున్నత శ్రేణి తోటలో వాటా. రెండోది క్లో దే రెయా. శ్రేణిలో అది ఒక మెట్టు కిందిదే, కానీ పూర్తిగా వారి ఒక్కరిదే. బర్గండీలో ఇలాంటి ఏకైక యాజమాన్యాన్ని మొనొపోల్ అంటారు. ముగ్గురూ అన్నింటిలో మూడో వంతు తీసుకుని ఉంటే లెక్క సులువుగా తేలేది, 1860 నుంచి వచ్చిన మొనొపోల్ మాత్రం పోయేది. దానికి బదులు క్లో దే రెయా మొత్తం మిషెల్‌కు వెళ్లింది, రిష్‌బూర్ మిగిలిన ఇద్దరి వైపు వెళ్లింది. సుమారు 8 హెక్టార్ల రిష్‌బూర్‌కు ఎలాగూ పదిమంది వరకు యజమానులున్నారు. అక్కడ ఇంకో గీత పడినా పేరుకు నష్టం లేదు. క్లో దే రెయాలో గీత పడితే ఆ పేరుకున్న ప్రత్యేకతే పోతుంది. చట్టం విలువలో సమానత్వం అడుగుతుందే గాని ప్రతి మడినీ కోయమనదు. ఆ వెసులుబాటును తెలివిగా వాడుకున్న పంపకం ఇది.

## చిన్న చెక్కల లాభనష్టాలు

ముక్కలైన సాగు ఖర్చుతో కూడినదన్నది మొదటి మాట. ఒక సాధారణ కుటుంబ ఎస్టేట్‌కు ఏడెనిమిది హెక్టార్లు ఉంటే, అవి మూడు నాలుగు గ్రామాల్లో ఇరవై చోట్ల చెదిరి ఉండవచ్చు. ట్రాక్టర్ ప్రయాణానికే సగం పూట పోతుంది. ప్రతి చెక్క ద్రాక్షనూ విడిగా కోయాలి, విడి తొట్టెల్లో పులియబెట్టాలి, విడి పీపాల్లో నిల్వ చేయాలి. బర్గండీ పీపాలో పట్టేది 228 లీటర్లు, అంటే దాదాపు 300 సీసాలు. గ్రాన్ క్రూ అనే అత్యున్నత శ్రేణి ఎర్ర తోటల్లో దిగుబడి పరిమితి హెక్టారుకు 35 హెక్టోలీటర్ల, అంటే 3,500 లీటర్ల ప్రాంతంలో ఉంటుంది. పావు ఎకరం చెక్క ఉన్న కుటుంబానికి ఏడాదికి ఒకటిన్నర పీపాలు. సగం నిండిన పీపాలో వైన్ గాలి తగిలి పాడవుతుంది కాబట్టి, ఆ మిగిలిన సగాన్ని ఏం చేయాలన్నది నిజమైన సమస్యే.

లాభం కూడా ఉంది. వడగళ్ల వాన ఒక గ్రామాన్ని తుడిచిపెట్టి పక్క గ్రామాన్ని వదిలేయడం అక్కడ మామూలు. తోట ఇరవై చోట్ల ఉన్నవాడు ఒక్క సాయంత్రంలో మొత్తం పోగొట్టుకోడు. ఒకే మనిషి చేతుల మీదుగా పది వేర్వేరు పేర్ల వైన్లు రావడం వల్ల, చిన్న ఎస్టేట్ కూడా మామూలు వైన్ నుంచి గ్రాన్ క్రూ దాకా అన్ని ధరల్లోనూ అమ్మగలదు.

కొనేవాడికి మాత్రం ఇది చిక్కుముడి. క్లో ద వూజో అని రాసి ఉన్న సీసాలు ఎనభై రకాలు ఉండగలవు. వాలు పైభాగంలోని నేల వేరు, రోడ్డు పక్కన నీరు నిలిచే పల్లపు నేల వేరు. శ్రేణి మాత్రం అన్నిటికీ గ్రాన్ క్రూనే. అందుకే బర్గండీలో తోట పేరు సగం సమాచారమే ఇస్తుంది, మిగతా సగం సాగుచేసిన కుటుంబం పేరులో ఉంటుంది.

ఆ కుటుంబం పేరు లేబుల్ మీదకు వచ్చింది కూడా ఈమధ్యనే. 20వ శతాబ్దపు తొలి దశాబ్దాల దాకా రైతులు వైన్‌ను పీపాల్లోనే నెగోసియాన్ అనే వ్యాపార సంస్థలకు అమ్మేవారు. ఆ సంస్థలు పదిమంది రైతుల సరుకు కలిపి, తమ పేరుతో సీసాల్లో నింపేవి. చెక్కలు చెదిరిన చోట ఎవరో ఒకరు కూడగట్టక తప్పదు కాబట్టి వారి అవసరం నిజమైనదే. కాకపోతే కలిపే సరుకులో దక్షిణాది చవక వైన్ కూడా చేరుతోందన్న ఆరోపణలు వచ్చాయి. 1930లలో మార్కీ దాంజెర్‌విల్, ఆంరీ గూజ్, అర్మాఁ రూసో వంటి తోటదారులు తమ వైన్‌ను తామే సీసాల్లో నింపి అమ్మడం మొదలుపెట్టారు. 1935లో ఫ్రాన్స్ తెచ్చిన ప్రాంతీయ పేర్ల రక్షణ చట్టం వారికి బలమైంది. ఈ రోజు కుటుంబ వైన్ అనే మాటకున్న గౌరవం చాలావరకు ఆ తిరుగుబాటు నుంచి వచ్చింది.

## ఇక పన్ను లెక్క

కోత్ దోర్ గ్రాన్ క్రూ భూమి సగటు ధర కొన్నేళ్ల క్రితమే హెక్టారుకు 60 లక్షల యూరోలు దాటింది. పేరున్న చెక్కలు దానికి రెట్టింపు కూడా పలికాయి. ఇంత ధర ఒక కుటుంబం మీద ఎలా పనిచేస్తుందో చూడటానికి ఒక ఊహాత్మక లెక్క వేయవచ్చు.

ఒక తండ్రికి రెండు హెక్టార్ల గ్రాన్ క్రూ, ముగ్గురు పిల్లలు. భూమి విలువ 1.2 కోట్ల యూరోలు, తలా 40 లక్షలు. ముగ్గురిలో ఒకరే తోట నడుపుతానంటారు, మిగిలిన ఇద్దరికీ డబ్బు కావాలి. సాగు చేస్తున్న వారసుడికి తోట తనకే ఇవ్వమని అడిగే హక్కు ఫ్రెంచి చట్టంలో ఉంది. అయితే తోబుట్టువులకు వారి వాటా విలువ చెల్లించాలి, అంటే 80 లక్షల యూరోలు. రెండు హెక్టార్లకు ఏడాదికి సుమారు 9,300 సీసాలు వస్తాయి. సీసాను తోట దగ్గర 100 యూరోలకు అమ్మితే మొత్తం రాబడి 9.3 లక్షలు. కూలి, పీపాలు, సీసాలు, మందులు, ఆదాయపు పన్ను ఏవీ తీయకముందు అంకె ఇది. ఒక్క యూరో ఖర్చు కాలేదనుకున్నా అన్నదమ్ముల అప్పు తీరడానికి ఎనిమిదిన్నర ఏళ్లు పడుతుంది. ఖర్చులు తీసేస్తే ఒక తరం పడుతుంది.

దీని మీద వారసత్వ పన్ను. తల్లి లేదా తండ్రి నుంచి ఒక్కో బిడ్డకు వచ్చే ఆస్తిలో మొదటి లక్ష యూరోలకు మినహాయింపు ఉంది. ఆపైన పన్ను మెట్లు మెట్లుగా పెరిగి, 18 లక్షలు దాటిన భాగం మీద 45 శాతానికి చేరుతుంది. పై ఉదాహరణలో ఏ రాయితీ లేకపోతే ఒక్కొక్కరికి 15 లక్షల యూరోల దాకా పడుతుంది.

ఫ్రెంచి ప్రభుత్వం ఈ సమస్యను పట్టించుకోలేదని అనలేం. పాక్త్ ద్యుత్రే అనే ఏర్పాటు కింద, కుటుంబ వ్యాపార వాటాలను నిర్ణీత కాలం అమ్మకుండా ఉంచుకుని, వారిలో ఒకరు యాజమాన్య బాధ్యత తీసుకుంటే విలువలో 75 శాతం పన్ను లెక్కలోకి రాదు. మన ఉదాహరణలో 15 లక్షలు కాస్తా రెండు లక్షల చిల్లరకు దిగుతుంది. భూమిని దీర్ఘకాలిక కౌలుకు ఇచ్చి ఉంటే మరో రాయితీ వర్తిస్తుంది. దాంట్లో ఒక పరిమితి దాకా 75 శాతం, ఆపైన 50 శాతం మినహాయింపు. ఇంకా ముందుచూపున్నవారు బతికుండగానే పంపకం చేసేస్తారు. నోటరీ ముందు చేసే ఆ ఉమ్మడి దానపత్రంలో ఆస్తి విలువ ఆ రోజు ధర దగ్గరే ఆగిపోతుంది. భూమి ధర పదేళ్లలో రెట్టింపైనా తోబుట్టువుల మధ్య లెక్కలు తిరగరాయనక్కరలేదు.

గమనించాల్సింది ఏమిటంటే, ఈ రాయితీలు ప్రభుత్వానికి చెల్లించే పన్నును తగ్గించగలవు గానీ తోబుట్టువులకు చెల్లించాల్సిన వాటాను తగ్గించలేవు. అందుకే పన్నుల వల్లే తోటలు అమ్ముడవుతున్నాయన్న వాదన అసంపూర్ణం. అసలు ఒత్తిడి కుటుంబం లోపలి నుంచి వస్తుంది. మూడో తరానికి వచ్చేసరికి వాటాదారులు పదిహేను మంది ఉంటారు. వారిలో ఇద్దరే తోటలో పనిచేస్తారు. మిగిలిన పదమూడు మందికి ఏటా వచ్చేది భూమి విలువలో ఒకటి రెండు శాతం కూడా దాటని రాబడి. ఎవరో కోటీశ్వరుడు మొత్తం సొమ్ము ఒక్కసారిగా ఇస్తానంటే కాదనడానికి వారికి పెద్ద కారణం ఉండదు.

## ధర పెరిగితే తోటదారుకు ఎందుకు దక్కడం లేదు?

ఇక్కడ ఒక సందేహం సహజం. సీసా వేల యూరోలు పలుకుతుంటే రాబడి ఎందుకు చాలదు?

చాలామంది కుటుంబ తోటదారులు వైన్‌ను బహిరంగ మార్కెట్‌లో అమ్మరు. పాత ఖాతాదారులకు, రెస్టారెంట్లకు, దిగుమతిదారులకు ఏటా ఇన్ని సీసాలని కోటా ఇస్తారు. ధర నెమ్మదిగా పెంచుతారు. మంచు కొట్టి పంట పోయిన ఏడాది, మార్కెట్ పడిపోయిన ఏడాది కూడా అదే ఖాతాదారు కొంటాడన్న లెక్క దాని వెనక ఉంది. కానీ ఆ సీసా తోట దాటాక చేతులు మారుతూ నాలుగైదు రెట్లు కావచ్చు. ఆ తేడా మధ్యవారికి, వేలం సంస్థలకు, దాచిపెట్టుకున్నవారికి దక్కుతుంది. భూమి కొనేవాడు మాత్రం ఆఖరి ధరను చూసి భూమికి వెల కడతాడు. తోటదారుకు ఆదాయం మొదటి ధర మీద వస్తుంటే, అతని పిల్లలకు పన్ను, వాటా ఆఖరి ధర మీద పడుతున్నాయి. సమస్యకు మూలం ఈ అంతరమే.

ఆఖరి ధర ఎంత దూరం పోగలదో రొమానే-కోంతి చూపించింది. 1.81 హెక్టార్ల ఈ తోట రెండు కుటుంబాల చేతుల్లో ఉంది. 1945లో పండింది 600 సీసాలే, ఆ వెంటనే పాత తీగలను పీకి కొత్తవి నాటారు. 2018 అక్టోబరులో న్యూయార్క్ వేలంలో ఆ ఏటి సీసా ఒకటి 5,58,000 డాలర్లు పలికింది.

అంత డబ్బున్న చోటికి నకిలీలు రాకుండా ఉండవు. 2008లో న్యూయార్క్‌లో ఒక వేలానికి పోన్సో కుటుంబ ఎస్టేట్ పేరుతో 1945 నుంచి 1971 దాకా ఏళ్లున్న క్లో సాఁ-దెనీ సీసాలు వచ్చాయి. ఆ తోటలో తమ కుటుంబం వైన్ తీయడం 1980లలో గానీ మొదలవలేదని చెప్పి, లోరాఁ పోన్సో స్వయంగా వెళ్లి అమ్మకం ఆపించారు. వాటిని వేలానికి పెట్టిన రూడీ కుర్నియావాన్‌ను 2013లో అమెరికా న్యాయస్థానం దోషిగా తేల్చింది, మరుసటి ఏడాది పదేళ్ల శిక్ష పడింది. ఏ చెక్క ఏ సంవత్సరం ఎవరి సాగులోకి వచ్చిందన్న కుటుంబ లెక్కే ఆ మోసాన్ని బయటపెట్టింది. రసాయన పరీక్షల దాకా పోనక్కరలేకపోయింది.

## బోర్డో మరో దారి

అదే పౌర స్మృతి, అదే పన్ను. అయినా బోర్డోలో పెద్ద తోటలు ముక్కలు కాలేదు. దానికి ఒక కారణం పేరు దేనికి అంటుకుని ఉందన్నది. బర్గండీలో శ్రేణి భూమిది. బోర్డోలో 1855 వర్గీకరణ షాటోకు, అంటే ఎస్టేట్‌కు ఇచ్చింది. ఎస్టేట్‌ను ముక్కలు చేస్తే వారసులకు ఆ పేరు మిగలదు. అందుకే అక్కడి సంపన్న కుటుంబాలు భూమిని సంస్థగా మార్చి వాటాలు పంచుకున్నాయి. తోట ఒకటిగా నిలిచింది, కాగితాలు మాత్రం పంపకమయ్యాయి.

ఈ ఏర్పాటుకూ ఒక ద్వారం తెరిచే ఉంటుంది. తీపి తెల్ల వైన్‌కు పేరుగాంచిన షాటో దీకెమ్‌లో ల్యుర్-సాల్యుస్ కుటుంబ సభ్యులు కొందరు 1996లో తమ వాటాలు ఎల్‌వీఎంహెచ్‌కు అమ్మారు. దశాబ్దాలుగా ఎస్టేట్ నడిపిన పెద్దమనిషి మూడేళ్లు పోరాడినా ఫలితం దక్కలేదు. 1999 నాటికి నియంత్రణ చేతులు మారింది. మడి అమ్మాలంటే గట్టు దగ్గరికి నలుగురూ రావాలి. వాటా అమ్మడానికి ఒక సంతకం సరిపోతుంది.

ఇదంతా పేరున్న కొద్దిమంది సంగతి. బోర్డోలో అత్యధిక కుటుంబాలు మామూలు బోర్డో రెడ్ పండించేవే, వాటి కష్టం పూర్తిగా వేరు రకం. ఫ్రాన్స్‌లో తలసరి వైన్ వాడకం 1960లలో ఏడాదికి 120 లీటర్ల ప్రాంతంలో ఉండేది, ఇప్పుడు దాదాపు మూడో వంతుకు పడిపోయింది. రోజూ భోజనంతో తాగే చవక రెడ్ వైన్ అలవాటే పోయింది. చైనా కొనుగోళ్లు ఒక దశాబ్దం ఆదుకుని, ఆ తర్వాత పలచబడ్డాయి. అక్కడ టోకు వ్యాపారం జరిగే తొనో కొలతకు, అంటే 900 లీటర్లకు, ధర సాగు ఖర్చు కిందికి జారింది. 2023లో ప్రభుత్వం, వైన్ వర్తక మండలి కలిసి బోర్డోలో తీగలు పీకేసే రైతుకు హెక్టారుకు 6,000 యూరోల పరిహారం ప్రకటించాయి. లక్ష్యం 9,500 హెక్టార్ల దాకా. మరుసటి ఏడాది దేశమంతటికీ హెక్టారుకు 4,000 యూరోలతో మరో పథకం వచ్చింది.

మామూలు బోర్డో తోట భూమి ధర ఇప్పుడు హెక్టారుకు పది వేల యూరోల చుట్టుపక్కల తిరుగుతోంది, చాలా చోట్ల అంతకన్నా తక్కువే. బర్గండీ గ్రాన్ క్రూ ఒక హెక్టారు ధరకు ఇక్కడ ఆరు వందల హెక్టార్లు రావచ్చు, కొనేవారు ఉంటేనే సుమా. అక్కడ వారసుడు వాటాల బరువు మోయలేకపోతుంటే, ఇక్కడ తోట తీసుకునే వారసుడే దొరకడం లేదు.

## లేబుల్ మీద ఏం చూడాలి

కుటుంబ తోట వైన్ అన్న ప్రచారం ఎవరైనా చేసుకోవచ్చు. లేబుల్ మీద కొన్ని మాటలకు మాత్రం కచ్చితమైన అర్థం ఉంది. దొమేన్ అని రాస్తే ద్రాక్ష ఆ ఎస్టేట్ సాగుచేసిందే అయి ఉండాలి. సొంత భూమే కానక్కరలేదు, కౌలు అయినా చెల్లుతుంది. మెజోఁ అన్న మాట సాధారణంగా ద్రాక్షనో వైన్‌నో బయట కొని తయారుచేసే వ్యాపార సంస్థను సూచిస్తుంది. ఒకే కుటుంబం రెండూ నడపడం ఇప్పుడు మామూలు. కొత్త భూమి కొనలేని యువ తోటదారులు ద్రాక్ష కొని తమ పేరుతో చిన్న మొత్తాల్లో వైన్ చేస్తున్నారు. ఒకప్పుడు నెగోసియాన్ల మీద తిరగబడిన కుటుంబాల మనుమలు తామే చిన్న నెగోసియాన్లుగా మారడం భూమి ధర తెచ్చిన మార్పే.

భారత్‌లో కొనేవారికి ఈ వివరాలకన్నా సుంకం బరువు ఎక్కువ. దిగుమతి వైన్ మీద ఏళ్ల తరబడి సుంకం 150 శాతం ఉంటూ వచ్చింది. 2021 బడ్జెట్‌లో దాన్ని 50 శాతం మూల సుంకం, 100 శాతం వ్యవసాయ సెస్‌గా విడదీసినా మొత్తం మారలేదు. దాని మీద రాష్ట్రాల ఎక్సైజ్ పన్ను. తెలంగాణ, ఆంధ్రప్రదేశ్‌లలో టోకు పంపిణీ ప్రభుత్వ సంస్థల చేతుల్లోనే ఉంది. ఏడాదికి రెండు మూడు పీపాలు చేసే బర్గండీ కుటుంబం ఇలాంటి మార్కెట్‌కు సీసాలు పంపే ప్రయాస సాధారణంగా పెట్టుకోదు. ఇక్కడి అల్మారాల్లో ఫ్రెంచి వైన్ అంటే పెద్ద వ్యాపార సంస్థల సరుకే ఎక్కువగా కనిపించడానికి కారణం అదే.

## రాబోయే ఏళ్లలో

వాతావరణం ఈ లెక్కల్లోకి కొత్తగా చేరిన అంశం. బర్గండీలోని బోన్ పట్టణంలో ద్రాక్షకోత తేదీల రికార్డు 1354 నుంచి ఉంది. 1988 తర్వాత కోత పూర్వపు సగటుకన్నా దాదాపు 13 రోజులు ముందే మొదలవుతోందని ఆ రికార్డును విశ్లేషించిన పరిశోధకులు 2019లో తేల్చారు. వెచ్చటి వసంతంలో తీగ త్వరగా చిగురిస్తుంది, ఏప్రిల్‌లో మంచు కొడితే ఆ చిగురు మాడిపోతుంది. 2016లో, 2021లో జరిగింది ఇదే. పంట సగానికి పడిన ఏడాది కూడా తోబుట్టువుల వాయిదా, బ్యాంకు వడ్డీ ఆగవు. పెద్ద సంస్థ అలాంటి రెండేళ్లను తట్టుకోగలదు. వాటాలు కొని అప్పులో ఉన్న కుటుంబానికి అది కష్టం.

ప్రభుత్వం చేతిలో ఉన్న పాత ఆయుధం సఫేర్. వ్యవసాయ భూమి అమ్మకానికి వస్తే ముందుగా తానే కొని స్థానిక రైతుకు ఇచ్చే హక్కు ఈ సంస్థకు ఉంది. భూమికి బదులు కంపెనీ వాటాలు అమ్మితే అది చేతులు కట్టుకోవాల్సి వచ్చేది. ఆ లొసుగును పూడ్చడానికి 2021 డిసెంబరులో సాంపస్తూస్ చట్టం వచ్చింది. దాని ప్రకారం ఒక హద్దు మించిన విస్తీర్ణం మీద నియంత్రణ తెచ్చే వాటాల బదిలీకి ముందస్తు అనుమతి కావాలి. అయితే హద్దుకు కొలమానం విస్తీర్ణం. ధాన్యం పండే మైదానాల్లో వందల హెక్టార్లు పోగేసేవారిని దృష్టిలో పెట్టుకుని రాసిన చట్టం ఇది. ఏడు హెక్టార్లకే వందల మంది రైతుల జీవితకాలపు సంపాదన పలికే కోత్ దోర్‌లో ఈ గీత ఎంతమందిని ఆపగలదన్నది అనుమానమే.

ఈలోగా కొన్ని కుటుంబాలు మధ్యేమార్గం వెతుక్కుంటున్నాయి. పక్క చెక్క అమ్మకానికి వచ్చినప్పుడు బయటి పెట్టుబడిదారులు భూమి కొంటారు, కుటుంబం దాన్ని దీర్ఘకాలిక కౌలుకు సాగుచేస్తుంది, కౌలులో కొంత సీసాల రూపంలో చెల్లిస్తుంది. 1946 నాటి కౌలు చట్టం ఫ్రాన్స్‌లో కౌలుదారుకు బలమైన రక్షణ ఇస్తుంది కాబట్టి, భూమి తనది కాకపోయినా తోటదారును తేలిగ్గా కదిలించలేరు. లేబుల్ మీద కుటుంబం పేరు అలాగే ఉంటుంది. భూమి పత్రంలో ఉండే పేరు మాత్రం వేరొకరిది.